మస్కారా కొనేముందు పుల్ల చూడండి

ఆరేళ్ళ కిందట నరసన్నపేట దగ్గర ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి మేనత్త నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తే. “ఏటమ్మా, మా గుంట కంటి మీద సీమలెక్కాయేటి?”

చీమలు కావవి, రెప్పవెంట్రుకలకు నేను పూసిన నల్ల రంగు, మస్కారా. బంగారు రంగు ఐషాడో మీద వరసగా నల్ల చుక్కలు. ముహూర్తానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. పంతులుగారు అప్పటికే రెండుసార్లు కబురు పంపారు. ఆ పిల్లవి పొట్టి రెప్పవెంట్రుకలు, పైగా బాగా సన్నం. పెళ్ళి కదా, కళ్ళు నిండుగా కనిపించాలని నా పెట్టెలో అన్నిటికంటే లావు బ్రష్ ఉన్న మస్కారా తీశాను. అంత లావు బ్రష్ ఆ చిన్న వెంట్రుకల మొదలు దాకా వెళ్ళాలంటే దాని పొట్ట రెప్పకు తగలక తప్పదు. తగిలింది.

అదే మస్కారా అంతకు ముందు వారం ఆమదాలవలసలో ఒక పెళ్ళికూతురికి పెడితే ఫొటోగ్రాఫర్ కూడా మెచ్చుకున్నాడు. ఆమెవి పొడుగు వెంట్రుకలు. లోపలి రంగు అదే, బ్రష్ అదే, పెట్టిన చెయ్యి అదే. మారినవి కళ్ళు.

శ్రీకాకుళంలో మా ఇంటి ముందు గదే నా పార్లర్. పదమూడేళ్ళుగా నడుపుతున్నాను. “అక్కా, ఏ కంపెనీ మస్కారా మంచిది?” అని రోజుకొకరైనా అడుగుతారు. బ్రష్ ఎలాంటిది తీసుకోవాలి అని అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఐదారుగురు కూడా ఉండరు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

చుక్కలు పడితే ఏం చేయాలో మాత్రం ముందే చెప్పేస్తాను. తడిగా ఉండగా తుడవకండి, పులుముకుపోతుంది. రెండు మూడు నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత పొడి ఇయర్ బడ్‌ను చుక్క మీద మెల్లగా తిప్పితే పెచ్చులా లేచి వచ్చేస్తుంది. ఆ చోట కొంచెం ఐషాడో అద్దితే సరి. ఆ రోజు నేను చేసింది ఇదే. మేనత్తగారికి మాత్రం నా మీద నమ్మకం తిరిగి రాలేదు. భోజనాల దగ్గర కూడా పెళ్ళికూతురి కళ్ళు ఓసారి, నా మొహం ఓసారి చూస్తూనే ఉంది.

బ్రష్ చేసే పని

మా అమ్మమ్మది పొందూరు. నూలు వడికే ఇల్లు. పొందూరు ఖద్దరు గురించి విన్నవాళ్ళకు వాలుగ చేప దవడ సంగతి తెలిసే ఉంటుంది. పత్తి ఇంకా గింజను అంటుకుని ఉండగానే ఆ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దానికి సన్నటి పళ్ళు ఒత్తుగా ఉంటాయి. నాలుగుసార్లు దువ్వేసరికి చెత్త రాలిపోయి పీచంతా ఒక వైపుకు తిరుగుతుంది. పళ్ళు అరిగిన దవడ ఒకటి అమ్మమ్మ నాకు ఆడుకోవడానికి ఇచ్చేది. దాంతో నా బొమ్మ జుట్టు దువ్వితే ఒక్క చిక్కూ వచ్చేది కాదు. ఆ పళ్ళు పత్తి పీచుకు సరిపోతాయి గాని బొమ్మ నైలాను జుట్టుకు సరిపోవు. ఇది నాకు అర్థమవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, అదీ నరసన్నపేట పెళ్ళి తర్వాత.

మస్కారా బ్రష్‌కు ఉన్న పనులు మూడు. గొట్టంలోంచి రంగును మోసుకు రావాలి. ఒక్కో వెంట్రుకకూ చుట్టూ పూయాలి. ఒకదానికొకటి అంటుకోకుండా విడదీయాలి. చిక్కేమిటంటే మొదటి పనికీ మూడో పనికీ పడదు. రంగు ఎక్కువ మోసే బ్రష్ సరిగ్గా విడదీయలేదు, బాగా విడదీసే బ్రష్ ఎక్కువ మోయలేదు. మార్కెట్లో ఇన్ని రకాలు ఉన్నాయంటే కారణం ఇదే. ఒక్కో కంపెనీ ఒక్కో చోట రాజీ పడుతుంది. మీ కంటికి ఏ పని ఎక్కువ అవసరమో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

నిజానికి బ్రష్ ఉండే ఈ పుల్ల రావడమే ఆలస్యంగా వచ్చింది. 1917లో అమెరికాలో మేబెలిన్ అమ్మిన మస్కారా సబ్బు బిళ్ళలాగా ఉండేది. చిన్న బ్రష్ తడిపి, బిళ్ళ మీద రుద్ది, రెప్పలకు పూసుకునేవారు. గొట్టంలోనే పుల్ల పెట్టి అమ్మడం 1950ల చివర్లో హెలెనా రూబిన్‌స్టీన్ కంపెనీతో ఊపందుకుంది. ఆ పుల్లకు కూడా ఇప్పటిలాగా కుచ్చు లేదు, గాళ్ళు పెట్టిన లోహపు కడ్డీ మాత్రమే. మన ఇళ్ళలో కాటుక భరిణె, వేలి కొస ఉండగా ఆ బాధలేవీ లేవనుకోండి.

ముందు మీ రెప్పలు చూసుకోండి

ఉదయం మొహం కడుక్కున్నాక, కాటుక పెట్టకముందు, కిటికీ దగ్గర కూర్చోండి. ట్యూబులైటు కింద వద్దు. చిన్న అద్దాన్ని గడ్డం కిందకు పట్టుకుని, తల ఎత్తకుండా కళ్ళు మాత్రం కిందకు దించి చూడండి. అప్పుడు పై రెప్ప వెంట్రుకలు మొదళ్ళతో సహా కనిపిస్తాయి. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తే పొడుగు తెలియదు. చాలామంది “నాకసలు ఐలాషెస్ లేవక్కా” అనేది అలా చూసుకునే. పై రెప్పకు మామూలుగా 90 నుంచి 150 దాకా వెంట్రుకలు ఉంటాయి, పొడుగు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ. ఉంటాయి గాని కొసలు లేత రంగులో ఉండి కనపడవు, అంతే.

పొడుగు తర్వాత చూడాల్సింది అవి ఎటు తిరిగి ఉన్నాయన్నది. మీకు వీలుకాకపోతే ఇంట్లో ఎవరినైనా పక్క నుంచి ఫొటో తీయమనండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి వెంట్రుకలు పొడుగ్గానే ఉంటాయి, కాని చూరు నుంచి తాటాకు వాలినట్టు కిందకు చూస్తుంటాయి. వీళ్ళు ఎంత ఖరీదు మస్కారా పెట్టినా ఎదుటివాళ్ళకు కనిపించేది కొసలు మాత్రమే.

ఇక రెప్ప. కళ్ళు తెరిచినప్పుడు వెంట్రుకలకూ, పైనున్న మడతకూ మధ్య ఎంత చోటు కనిపిస్తోంది? ఒక అగ్గిపుల్ల వెడల్పు కూడా లేకపోతే లావు బ్రష్ మీకు వద్దు. వెంట్రుకలు ఎంత పొడుగున్నా సరే, ఆ బ్రష్ మడతకు తగిలి తీరుతుంది.

పలచగా ఉన్నాయా, ఒత్తుగా ఉన్నాయా అన్నది చివర. ఇది మాత్రం అద్దం చూడగానే తెలిసిపోతుంది.

నైలాను, రబ్బరు

ఆకారాలు ఎన్ని ఉన్నా తయారీలో బ్రష్‌లు రెండు రకాలు. ఒకటి తీగ బ్రష్. రెండు సన్న తీగల మధ్య నైలాను పోగులు పరిచి మెలితిప్పుతారు. పిల్లల పాలసీసా కడిగే బ్రష్ చూశారుగా, అదే పద్ధతి, సైజు చిన్నది. పోగులు ఒత్తుగా ఉంటాయి కాబట్టి రంగు బాగా పడుతుంది, కళ్ళు నిండుగా కనిపిస్తాయి. రెండోది అచ్చు పోసిన బ్రష్. అంతా ఒకే ముక్క, దాని మీద పొట్టి పళ్ళు. షాపుల్లో దీన్ని సిలికాన్ బ్రష్ అనో రబ్బరు బ్రష్ అనో అంటారు. పళ్ళ మధ్య సందు ఉంటుంది కాబట్టి దువ్వెనలా విడదీస్తుంది, వెంట్రుకలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. రంగు తక్కువ మోస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు రబ్బరు పళ్ళ సన్న బ్రష్ ఇమ్మంటాను. తప్పు చేసినా మరీ గడ్డలు కట్టదు. కొందరికి ఆ పళ్ళు రెప్ప అంచున గుచ్చుకున్నట్టు ఉంటుంది, వాళ్ళకు నైలానే హాయి. తీగ బ్రష్‌తో ఇంకో సుఖం ఉంది, మెడ దగ్గర కొంచెం వంచుకోవచ్చు. పెళ్ళికూతురికి ఎదురుగా నిలబడి పెట్టేటప్పుడు నేను అలాగే వంచుతాను. రబ్బరుదాన్ని వంచబోతే పుటుక్కుమంటుంది.

ఏ కంటికి ఏది

పొట్టి వెంట్రుకలవాళ్ళకు సన్న బ్రష్, పొట్టి పళ్ళు. ఇంకో మాట లేదు. బ్రష్ మొత్తం మందం మీ వెంట్రుకల పొడుగు కంటే ఎక్కువైతే చుక్కలు పడతాయని లెక్క వేసుకోండి. సన్న బ్రష్ పెడితే నిండుగా రాదని అనుకుంటారు. వస్తుంది, పలచగా రెండు పూతలు వేయాలి, అంతే. పొట్టి వెంట్రుకలకు అందం కొసల్లో రాదు, మొదట్లో వస్తుంది. మొదలు నల్లగా ఉంటే కంటికి సన్న ఐలైనర్ గీసినట్టు ఉండి, వెంట్రుకలు ఒత్తుగా ఉన్నాయనిపిస్తుంది. ఆ మొదలు దాకా దూరగలిగేది సన్న బ్రష్ ఒక్కటే. నరసన్నపేట పిల్ల తర్వాత సీమంతానికి నా దగ్గరికే వచ్చింది. అప్పుడు సన్నదానితోనే పెట్టాను. మేనత్త రాలేదు.

పొడుగ్గా ఉండి కిందకు వాలినవాళ్ళకు వంపు బ్రష్ పనికొస్తుంది. అరటిపండులా వంగి ఉంటుంది. లోపలి వంపు వెంట్రుకల కిందకు వచ్చేలా పట్టుకుంటే రెప్ప గుండ్రానికి అది సరిగ్గా కూర్చుంటుంది, అన్ని వెంట్రుకలూ ఒకేసారి పైకి లేస్తాయి. కాని బ్రష్ ఒక్కదాని వల్ల అవి నిలబడవు. ముందు ఐలాష్ కర్లర్, అంటే వెంట్రుకల్ని పైకి వంచే చిన్న పట్టకారు వాడాలి, మొదళ్ళ దగ్గర పట్టి పది లెక్కపెట్టే దాకా మెల్లగా నొక్కాలి. మస్కారా పెట్టాక కర్లర్ ఎప్పుడూ వాడకండి. గట్టిపడిన వెంట్రుకలు విరుగుతాయి, కర్లర్‌లోని రబ్బరుకు అంటుకుని ఊడతాయి కూడా. వీళ్ళకు వాటర్‌ప్రూఫ్ రకం మేలు. మామూలు మస్కారాలో నీరు ఎక్కువ, ఆ తడికి కర్లర్‌తో తెచ్చిన వంపు జారిపోతుంది. ఇస్త్రీ చేసిన చీర మీద నీళ్ళు చల్లినట్టే.

ఒత్తుగా, పొడుగ్గా ఉన్న అదృష్టవంతులకు రబ్బరు దువ్వెన బ్రష్, పళ్ళ మధ్య సందు ఎక్కువున్నది. వీళ్ళకు కావాల్సింది రంగు కాదు, విడదీయడం. లావు నైలాను బ్రష్ పెడితే ఐదారు వెంట్రుకలు కలిసి సాలీడు కాళ్ళలా తయారవుతాయి. అయినా వీళ్ళే ఎక్కువగా లావు బ్రష్ కొంటారు, ఎందుకో తెలియదు.

పలచగా ఉన్నవాళ్ళకు అంత సులువు కాదు. రంగు ఎక్కువ పడాలి, కాని ఉన్న నాలుగు వెంట్రుకలూ అంటుకుపోతే మధ్యలో ఖాళీలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మధ్యస్తం మందం ఉన్న నైలాను బ్రష్, పోగులు ఒత్తుగా ఉన్నది తీసుకోండి. దాని కొసను టిష్యూ మీద అద్ది, మొదటి పూత పలచగా వేయండి. మొదటిది పూర్తిగా ఆరకముందే రెండోది వేయాలి. ఎండిపోయాక వేస్తే పొడి పొడిగా రాలి బుగ్గల మీద పడుతుంది. రెండో పూత తర్వాత శుభ్రమైన ఖాళీ బ్రష్‌తో ఒకసారి దువ్వండి.

ఒక కొస సన్నగా, మొదలు లావుగా ఉండే శంఖాకారం బ్రష్ నాకు చాలా ఇష్టం. సన్న కొస ముక్కు వైపు మూలకు, లావు భాగం చెవి వైపు మూలకు. ఒకే బ్రష్‌తో కన్నంతా అయిపోతుంది. ఇంట్లో అక్కాచెల్లెళ్ళ కళ్ళు వేరువేరుగా ఉంటే ఇలాంటి రకం కొనుక్కోండి, ఎవరి గొట్టం వాళ్ళదే అనుకోండి. నడుము సన్నగా ఉండే డమరుకం ఆకారం కూడా మూలలకు బాగుంటుంది, చేతికి కొంచెం అలవాటు కావాలి. గుండ్రటి బంతి బ్రష్ ఒకటి కొని రెండు నెలలు అవస్థ పడ్డాను. కింది రెప్పకు, మూలలకు తప్ప ఎందుకూ పనికిరాలేదు.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు పొడుగు చేసే రకం జోలికి పోకండి. రెప్ప వాల్చినప్పుడల్లా అద్దానికి నల్ల గీతలు పడతాయి. సన్న బ్రష్‌తో మొదళ్ళకు గట్టిగా, కొసలకు పైపైన పెట్టండి. కాంటాక్ట్ లెన్సు ఉన్నవాళ్ళు లెన్సు ముందు పెట్టుకుని తర్వాత మేకప్ వేసుకోవాలి, రాత్రి లెన్సు తీశాకే మేకప్ తుడవాలి. పోగులు కలిపిన ఫైబర్ మస్కారా వాళ్ళకు అసలు వద్దు, ఆ పోగులు రాలి లెన్సు కింద చేరతాయి.

మా మామగారి షష్టిపూర్తికి మా అత్తగారికి కూడా మస్కారా పెట్టాను. ససేమిరా అంది, పెట్టాక మాత్రం అద్దం వదల్లేదు. వయసు మీద పడ్డాక వెంట్రుకలు పలచబడతాయి, రెప్ప వాలుతుంది. వాళ్ళకు అన్నిటికంటే సన్న బ్రష్, నలుపు కాకుండా ముదురు గోధుమ రంగు బాగుంటుంది. తమకు తాము పెట్టుకునేవాళ్ళు మోచేతిని టేబుల్ మీద ఆన్చాలి, చెయ్యి వణకదు.

షాపులో

పెట్టె సీలు వేసి ఉంటుంది, విప్పి చూపించరు. విప్పమని అడగకండి కూడా. ఎవరో విప్పి చూసి మళ్ళీ మూసినది మీకు వస్తే ఎలా ఉంటుంది? పెట్టె మీద చాలాసార్లు బ్రష్ బొమ్మ ఉంటుంది, అది చూడండి. లేకపోతే ఫోనులో ఆ పేరు కొట్టి బ్రష్ ఫొటో చూసుకుని వెళ్ళండి. మూత లావును బట్టి బ్రష్ లావు అంచనా వేయొద్దు. బొద్దుగా ఉన్న మూత కింద అగ్గిపుల్లంత బ్రష్ ఉండొచ్చు. పెద్ద షాపుల్లో టెస్టర్ పెట్టి ఉంటే చేతి వెనక రాసి రంగు చూసుకోండి, కంటికి మాత్రం తాకనివ్వకండి. నలభై మంది కళ్ళు చూసిన పుల్ల అది.

పెట్టె మీద ‘లెంగ్తెనింగ్’ అని ఉంటే సాధారణంగా సన్న బ్రష్ లేదా రబ్బరు పళ్ళు, ‘వాల్యూమ్’ అని ఉంటే లావు బ్రష్, ‘కర్లింగ్’ అని ఉంటే వంపు బ్రష్. ప్రతిసారీ నిజం కాదు, అయినా చాలాసార్లు సరిపోతుంది.

ఒక కంపెనీ రంగు నచ్చి, ఇంకో కంపెనీ బ్రష్ నచ్చి, కడిగి దీంట్లో అది పెడదామనుకునేవాళ్ళు ఉంటారు. నేనూ చేశాను. గొట్టం మెడలో ఒక రబ్బరు చుట్టు ఉంటుంది. బ్రష్ బయటికి వచ్చేటప్పుడు అదనపు రంగును గీకేది అదే. ఆ చుట్టు ఆ బ్రష్ కొలతకే చేసి ఉంటుంది. వేరే బ్రష్ పెడితే అయితే మొత్తం గీకేస్తుంది, లేదా ముద్దలు ముద్దలుగా వదిలేస్తుంది. నాకు ముద్దలే వచ్చాయి, పైగా మూత బిగుసుకోక వారంలో ఎండిపోయింది.

చేతిలోకి వచ్చాక

గొట్టంలో పుల్లను పంపు కొట్టినట్టు కొట్టకండి. లోపలికి గాలి పోయి త్వరగా గట్టిపడుతుంది. తిప్పుతూ మెల్లగా బయటికి తీయండి. కొసన గడ్డ ఉంటే టిష్యూకు తుడవండి, గొట్టం మూతికి రాయకండి. మూతి దగ్గర పేరుకున్నదే ఎండిపోయి తర్వాత నలుసై కంట్లో పడుతుంది.

బ్రష్‌ను కింద నుంచి వెంట్రుకల మొదట్లో పెట్టి, ఎడమకూ కుడికీ రెండు మూడు సార్లు కదిపి, తర్వాత పైకి లాగండి. కదపడం ముఖ్యం. అమ్మమ్మ కూడా దవడను పత్తిలో దింపాక ఒక్క క్షణం ఆడించి అప్పుడు లాగేది. నేరుగా లాగితే చిక్కు చిక్కుగానే ఉంటుంది. మూలలకు బ్రష్‌ను నిలువుగా పట్టుకుని కొస మాత్రమే తాకించండి. మీ బ్రష్ కొంచెం లావైనా ఇలా నిలువుగా పడితే చాలా వరకు నెట్టుకు రావచ్చు, కొత్తది కొనే దాకా. పెట్టాక ఇరవై లెక్కపెట్టే దాకా పైకి చూడకండి, గట్టిగా కళ్ళు మూయకండి. ఆటోలో, బస్సులో పెట్టుకోవద్దని వేరే చెప్పాలా? మన రోడ్ల సంగతి మీకు తెలుసు.

కింది రెప్ప విషయంలో నా అభిప్రాయం గట్టిది. కాటుక పెట్టుకునేవాళ్ళు కింది రెప్పకు మస్కారా మానేయండి. అమ్మమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, మసి పట్టి, నెయ్యితో నూరి కాటుక చేసేది. అందులో ఉన్నది మసి, నూనె, నెయ్యి. కొన్న కాటుకలోనూ జిడ్డు ఉంటుంది. ఆ జిడ్డు తగిలితే మస్కారా కరిగి జారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన సముద్రపు ఉక్కలో మధ్యాహ్నానికల్లా కళ్ళ కింద రెండు నల్ల సున్నాలు తయారవుతాయి. పెళ్ళికూతుళ్ళకు అప్పగింతల ఏడుపు ఉంటుంది కనుక నేను వాటర్‌ప్రూఫే పెడతాను. హోమం పొగకు కళ్ళు ఎటూ కారతాయి. రోజూ ఆఫీసుకో కాలేజీకో వెళ్ళేవాళ్ళకు అది వద్దు, తీయడానికి పడే తిప్పలకు వెంట్రుకలు ఊడతాయి.

తీసేటప్పుడు దూదిని మేకప్ రిమూవర్‌తో తడిపి, మూసిన కంటి మీద అర నిమిషం ఉంచి, తర్వాత పై నుంచి కిందకు తుడవాలి. అటూ ఇటూ రుద్దకూడదు. వాటర్‌ప్రూఫ్‌కు నూనె ఉన్న రిమూవర్ కావాలి, నీళ్ళకు లొంగదు. దూదికి ఒకటి రెండు వెంట్రుకలు వస్తే కంగారు పడకండి. రెప్పవెంట్రుక ఆయువే కొన్ని నెలలు, వాటంతట అవి రాలి మళ్ళీ వస్తుంటాయి.

పార్లర్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక మాట

ఇప్పుడైతే నేను పెళ్ళిళ్ళలో గొట్టంలోని పుల్లను ఎవరి కంటికీ తాకించను. వాడి పారేసే ఖాళీ బ్రష్‌లు ప్యాకెట్లుగా దొరుకుతాయి, చవకే. ఒకసారి రంగులో ముంచితే ఆ బ్రష్ మళ్ళీ గొట్టంలోకి వెళ్ళకూడదు. రెండో కంటికి ఇంకోటి. ఒక పెళ్ళికి అలా పది దాకా అయిపోతాయి. మీకు మేకప్ చేసేవాళ్ళు పెళ్ళికూతురికి, తోడిపెళ్ళికూతురికి, అమ్మకి, పిన్నికి ఒకే పుల్ల తిప్పుతుంటే “నాకు కొత్తది తియ్యండమ్మా” అని అడగండి. మొహమాటం వద్దు. కళ్ళకలకలు వచ్చే రోజుల్లో మరీను.

సొంత మస్కారా అయినా తెరిచిన మూడు నెలలకు పారేయాలి. ప్రతిసారీ కంటి దగ్గరున్న క్రిములు పుల్లతో పాటు ఆ చీకటి తడిలోకి వెళ్తాయి మరి. నేను తెరిచిన రోజే గొట్టం మీద చిన్న కాగితం అంటించి తేదీ వేస్తాను. పెట్టె మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, దానిలో 6 ఎం అని ఉంటే తెరిచాక ఆరు నెలలని అర్థం, అయినా కంటి విషయంలో నేను మూడుకే ఆపేస్తాను. ఎండిపోయిందని నీళ్ళ చుక్క వేయడం, ఉమ్మి తడి చేయడం లాంటివి చేయకండి. కళ్ళు ఎర్రబడి పుసులు కడితే, ఆ సమయంలో వాడిన గొట్టం నిండా ఉన్నా బయట పడేయాల్సిందే. ప్రాణం ఒప్పదు, తెలుసు. మొన్న మా చెల్లి కొత్తది, నాలుగుసార్లే వాడింది, పారేయించాను. రెండు రోజులు మాట్లాడలేదు.

పారేసేది గొట్టాన్నే, పుల్లను కాదు. సబ్బు నీళ్ళలో రెండు మూడు సార్లు కడిగి ఎండబెడితే నైలాను బ్రష్ కనుబొమలు దువ్వుకోవడానికి బాగా పనికొస్తుంది, కళ్ళకలక వచ్చినప్పటిది కాకపోతేనే. మా ఇంట్లో అయితే అవి నా దాకా రావు. మా అత్తగారు కుట్టు మిషనుకు వాడుతుంది. బాబిన్ కేసు తీసి, సందుల్లో పేరుకున్న పీచు పోగుల్ని లావు బ్రష్‌తో లాగేస్తుంది. సన్నవి ఇస్తే తిప్పి పంపుతుంది, “దీనికి పళ్ళు చాలవే” అని. మూడు నెలలు ఇంకా కాకముందే గది గుమ్మంలో నిలబడి, “ఆ నల్ల గొట్టం అయిపోయిందేటి?” అని అడుగుతుంది.